డెబ్బై గళ్ళు

మద్రాసు బస్టాండు వెనక
మందుల షాపు మీద రెండో అంతస్తు.
కాగితాలు ఎగిరిపోకుండా రొయ్యల మేత శాంపిలు ప్యాకెట్టు.
మూడు రోజులుగా ఇక్కడే కూర్చుని
ఒక్క వాక్యాన్ని చెక్కుతున్నా.

పాస్‌వర్డు మాకొద్దన్నారు గుంటల వాళ్ళు.
ఫోను నంబరు కొడితే ఆరంకెలు రావాల,
ఆరంకెలు కొడితే లెక్క తెరుచుకోవాల:
మేత ఎంత, కౌంటు ఎంత, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత.

సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చిన మెసేజి ఇంగ్లీషులో ఉంది.
మర్యాదలన్నీ ముందు,
అంకెలు ఎక్కడో చివర, అటక మీద దాచినట్టు.
తీసేసి తెలుగు పెట్టబోతే తెలిసింది
ఇంగ్లీషుకి నూట అరవై గళ్ళు, మనకి డెబ్బయ్యేనని.
ఒక్కటి దాటితే రెండో మెసేజి, రెండో చార్జీ.

స్త్రీ, ఒక్క అక్షరం, అనేవారు చెంగల్రాయులు అయ్యవారు
గురువులూ లఘువులూ వేళ్ళ మీద లెక్కపెట్టిస్తూ.
యంత్రం ఆరంటోంది.
సకారం, పొల్లు, తకారం, ఇంకో పొల్లు, రకారం, గుడిదీర్ఘం,
వేటికవే అద్దె కట్టాలంట.
అయ్యవారూ, మీ ఛందస్సు ఇంత పిసినారిది కాదు.

ముందు "దయచేసి" పోయింది. ఎవరూ ఏడవలేదు.
కంపెనీ పేరు తీసెయ్యడానికి సుధీర్‌తో ఒక పూట గొడవ.
తాళమా, బీగమా? రెండూ నాలుగు గళ్ళే.
మా ఇంట్లో బీగమే. ఉండనీ.

అయిదు నిమిషాల గడువు చాలట్లేదంటే
గంగపట్నం అవతలికి పోయి చూసొచ్చా.
నెట్టు మేత షెడ్డులో. సిగ్నలు తూము మీద.
మధ్యన ఏడు నిమిషాల గట్టు.
"యాడమ్మా, నేను పొయ్యేలోపల అంకెలు చచ్చిపోతాయి,"
అంది రాత్రి కాపలా పోలమ్మ.
అందుకని మనవణ్ణి షెడ్డులో కూర్చోబెట్టి
ముందే పోయి తూమెక్కి నిలబడుద్ది.
అంకెలు రాగానే ఒక కేక.
నడిమి గుంట కాపలావాడు అందుకుని ఇంకో కేక.
నాలుగు సున్నా అయిదు,
కొంగలతో సహా అందరికీ తెలుసు.

రాత్రి తిరిగొచ్చి రాశా:

405 917 గుంట బీగం. పదైదు నిమిషాలుంటది. నిదానంగా రా.

అంకెలు ముందు. మూడుకీ మూడుకీ మధ్య ఊపిరి.
పోను ఏడు, రాను ఏడు, ఆయాసానికి ఒకటి.
లెక్కేశా. యాభై ఒకటి.
అనుమతులిచ్చే వాళ్ళు ఒప్పుకోలేదు, హెచ్చరిక కావాలంట.
ఎవరికీ చెప్పొద్దు.
ముందు ఖాళీ, చివరి చుక్క కలుపుకుని పంతొమ్మిది.
డెబ్బైకి డెబ్బై!
కుర్చీలోంచి లేచి నిలబడ్డా, గదిలో ఒక్కదాన్నే.

పోలమ్మది బటన్ల ఫోను.
నా తెలుగంతా దాంట్లో
వరసగా ఖాళీ పెట్టెలు.
ఆరంకెలు తప్ప.

అక్షరాలు ఎటూ రావులే నాకు, అని నవ్వింది ఫోనులో.
ఆమె నవ్వినా నాకు పట్టలేదు.
ఆ ఒక్క నంబరుకి మెసేజి బదులు కాల్ పెట్టా,
ఎత్తకపోతే రెండు నిమిషాలకోసారి, ఎత్తిందాకా.
యంత్రం గొంతు అంకెల్ని వేలంపాటలా చదివింది.
ఫ్యాను ఆపి, కిటికీ మూసి
సున్నా నుంచి తొమ్మిది దాకా నేనే చెప్పా.
ఏడు దగ్గర కొంచెం జలుబు.
చివర, నిదానంగా రా.

పొద్దున్నే లాగ్ తెరిచా.
రెండూ ఏడుకి అడిగారు.
మూడుసార్లు కాల్ అందలేదు.
రెండూ పద్నాలుగుకి ఎత్తారు.
రెండూ ఇరవై ఒకటికి లెక్క తెరిచారు.
మధ్యలో ఏడు నిమిషాలు, లాగ్‌లో ఏమీ లేదు.
చీకట్లో గట్టు మీద
నా జలుబు గొంతు ఏడుని నోట్లో పెట్టుకుని
ఒక మనిషి కేకెయ్యకుండా నడిచింది.

ఆక్సిజన్ మూడు పాయింటు ఒకటి.
ఏరేటర్లు వేశారు.